నల్లబడిన వెండి సిమెంటు: ఉంచుకోవాలా, మార్పించుకోవాలా, మార్పిస్తే దేనితో?

గోదావరి డెల్టాలో యాభై ఏళ్ళు దాటినవారిలో చాలామందికి, ఎప్పుడో కాకినాడలోనో రాజమండ్రిలోనో భీమవరంలోనో పుచ్చు తీయించి పెట్టించుకున్న వెండి సిమెంటు దవడ పళ్ళలో ఇంకా అలాగే ఉంటుంది. పెట్టిన కొత్తలో తళతళలాడిన ఆ లోహం ఇప్పుడు బూడిద రంగుకో నలుపుకో తిరిగి, అంచు దగ్గర నాలుకకు కాస్త గరుకుగా తగులుతూ ఉంటుంది. ఆ నలుపును చూసి ఇంట్లోవారు పన్ను మళ్ళీ పుచ్చిందని భయపడతారు. పరీక్ష చేసిన చోట ‘తుప్పు పట్టింది, తీసేసి పంటి రంగు సిమెంటు పెడదాం’ అన్న సలహా కూడా తరచుగా వినిపిస్తుంది. ఆ సలహా కొందరి విషయంలో సరైనదే. చాలామంది విషయంలో మాత్రం తొందరపాటు. ఏ పక్షంలో ఉన్నామో తేల్చుకోవాలంటే ఆ లోహానికి నోట్లో ఏళ్ళ తరబడి ఏం జరుగుతుందో కొంత వివరంగా తెలియాలి, ఎందుకంటే చూడగానే కంటపడే మార్పు వేరు, పన్నుకు హాని చేసే మార్పు వేరు.

మన ముందున్న దారులు ఐదు: ఉన్నదాన్ని అలాగే ఉంచుకోవడం, నున్నగా సానపట్టించుకోవడం, పాడైన అంచు వరకే బాగుచేయించుకోవడం, మొత్తం తీయించి కాంపోజిట్ (పంటి రంగు లైటు సిమెంటు) లేదా గ్లాస్ అయొనోమర్ (తడిలోనూ పంటికి అతుక్కునే మరో రకం సిమెంటు) పెట్టించుకోవడం, పన్ను మొత్తానికి క్యాప్ వేయించుకోవడం. వీటిలో మొదటి మూడింటి గురించి రోగులు అడగరు, ఖర్చు తక్కువ కనుక చెప్పేవారూ తక్కువ. నా దృష్టిలో ఆలోచన అక్కడి నుంచే మొదలవ్వాలి.

తుప్పు ఎలా పడుతుంది

వెండి సిమెంటుగా మనం పిలిచే అమాల్గంలో బరువు ప్రకారం దాదాపు సగం పాదరసమే. మిగతా సగం వెండి, తగరం, రాగి కలిసిన పొడి. కొన్ని రకాల్లో కొద్దిగా జింకు కూడా ఉంటుంది. ఈ పొడిని పాదరసంతో కలిపినప్పుడు అంతా కరిగి ఒకే పదార్థంగా మారిపోదు. పొడి రేణువుల పైపొరలు మాత్రం పాదరసంతో చేరి కొత్త సమ్మేళనాలుగా మారి, కరగకుండా మిగిలిన రేణువుల చుట్టూ అల్లుకుని గట్టిపడతాయి. ఆ సమ్మేళనాల్లో వెండి, పాదరసం కలిసినది తుప్పును బాగా తట్టుకుంటుంది. తగరం, పాదరసం కలిసినది మాత్రం, దంతవైద్యులు గామా-2 అని పిలిచేది, అన్నింటిలోకీ మెత్తనిది, అన్నింటికంటే ముందు తుప్పుపట్టేది. పాతరకం అమాల్గంలో ఈ గామా-2 విడివిడి చుక్కలుగా కాక ఒకదానితో ఒకటి కలిసిన జాలంలా లోపలికంటా వ్యాపించి ఉంటుంది కాబట్టి, పైన మొదలైన తుప్పుకు లోపలికి దారి దొరుకుతుంది.

లాలాజలంలో క్లోరైడ్లు ఉంటాయి, కరిగిన ఆక్సిజన్ ఉంటుంది, తిన్నప్పుడల్లా ఆమ్లత్వం మారుతూ ఉంటుంది. లోహం నెమ్మదిగా కరగడానికి ఇంతకంటే వేరే వాతావరణం అక్కర్లేదు. గామా-2లోని తగరం కరిగి, ఆక్సైడ్లుగానూ క్లోరిన్ కలిసిన లవణాలుగానూ మారి, సిమెంటు లోపలి సందుల్లోనూ అంచుల వెంబడీ పేరుకుంటుంది. తగరం వెళ్ళిపోగా విడుదలైన పాదరసంలో కొంత భాగం, లోపల కరగకుండా మిగిలిన రేణువులతో మళ్ళీ కలుస్తుంది. ఆ కలయిక వల్ల సిమెంటు కొద్దికొద్దిగా ఉబ్బి, అంచు పన్ను మట్టం కంటే పైకి లేస్తుందని, అలా కింద ఆధారం లేకుండా లేచిన పలుచని అంచు నమలినప్పుడు విరిగి సన్నని గాడి పడుతుందని ఈ విషయాన్ని పరిశీలించినవారు వివరించారు. దవడ పళ్ళ మీద ఏళ్ళ తరబడి పడే ఒత్తిడికి లోహం కొద్దికొద్దిగా పారి అంచు దాటడం కూడా దీనికి తోడవుతుంది. పాత వెండి సిమెంటు చుట్టూ కాలువలా కనిపించే గీతకు కారణాలు ఇవే.

అయితే ఇదే తుప్పు పన్నుకు ఒక మేలు కూడా చేస్తుంది. అమాల్గం పన్నుకు అతుక్కోదు. లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా తొలిచిన గుంటలో ఇరుక్కుని నిలబడుతుంది. కనుక పెట్టిన కొత్తలో లోహానికీ పంటికీ నడుమ అతి సన్నని సందు ఉంటుంది. తుప్పులో పుట్టిన తగరపు లవణాలు ఆ సందులో నిండి దాన్ని మూసేస్తాయి. పాతరకంలో ఇది కొద్ది నెలల్లో జరిగితే, రాగి ఎక్కువగా ఉన్న కొత్తరకంలో ఏడాది వరకూ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలమూ పడుతుంది. తన అంచును తానే మూసుకునే గుణం కాంపోజిట్‌కు లేదు. ముప్పై ఏళ్ళు దాటిన వెండి సిమెంటు కింద పన్ను గట్టిగా ఉండటం వెనుక ఈ గుణం పాత్ర పెద్దది.

ఇక పైకి కనిపించే నలుపు సంగతి. అందులో చాలా భాగం తుప్పు కిందికి రాదు, అది మకిలి మాత్రమే. ఆహారంలోని గంధకం, పాచిలోని సూక్ష్మజీవులు విడుదల చేసే గంధకపు వాయువు వెండితో కలిసి ఉపరితలం మీద పలుచని నల్లని పొరను ఏర్పరుస్తాయి. ఆ పొర కింద లోహం దెబ్బతినదు, పంటికి దాని వల్ల హాని లేదు. గరుకుగా వదిలేసిన సిమెంటు మీద ఇది త్వరగా పడుతుంది, నున్నగా సానపట్టిన దాని మీద ఆలస్యంగా పడుతుంది. నలుపు ఒక్కటే కారణంగా చూపి సిమెంటు తీయమన్నప్పుడు రోగి ఆగి మరో ప్రశ్న వేయడం న్యాయం.

పాతరకానికీ కొత్తరకానికీ తేడా ఎంత అన్నది ఎంపికలో ముఖ్యమైన విషయం. 1963లో కెనడాకు చెందిన ఇన్నెస్, యూడెలిస్ అనే పరిశోధకులు పొడిలో వెండి-రాగి రేణువులను అదనంగా చేర్చిన అమాల్గాన్ని పరిచయం చేశారు. రాగి పాళ్ళు 12 శాతానికి పైగా పెరిగినప్పుడు తగరం పాదరసంతో కలవకుండా రాగితో కలుస్తుంది, గామా-2 దాదాపుగా ఏర్పడదు. రాగి-తగరం సమ్మేళనం కూడా కాలక్రమంలో కొంత తుప్పుపడుతుంది, కానీ అందులో పాదరసం లేదు కనుక ఆ తుప్పు వల్ల పాదరసం విడుదలై లోపల ఉబ్బు రావడమన్న సమస్య తలెత్తదు. అంచులు ఎక్కువకాలం నిలవడానికి ఇదే ప్రధాన కారణం.

నోట్లో ఉన్న సిమెంటు ఏ రకమో కంటితో చూసి చెప్పడం కష్టం. పెట్టించుకున్న కాలాన్ని బట్టి, కలిపిన పద్ధతిని బట్టి కొంత ఊహించవచ్చు. పొడిని, పాదరసాన్ని కల్వంలో చేత్తో నూరి, ఎక్కువైన పాదరసాన్ని గుడ్డలో పిండి తీసిన రోజుల్లో పాళ్ళు మనిషి చేతివాటం మీద ఆధారపడేవి. పాదరసం మిగిలిపోయిన కొద్దీ గామా-2 పెరుగుతుంది, తుప్పూ పెరుగుతుంది. ముందే కొలిచి నింపిన క్యాప్సూల్‌ను యంత్రంలో కదిలించి కలిపే పద్ధతిలో ఈ తేడా రాదు.

జింకు కలిసిన రకానికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. గుంటలో నింపుతున్నప్పుడు లాలాజలమో చేతి తడో తగిలితే జింకు నీటితో చర్య జరిపి, లోపల హైడ్రోజన్ వాయువు పుట్టి, మూడు నుంచి ఐదు రోజుల తర్వాత సిమెంటు ఉబ్బడం మొదలవుతుంది, నొప్పి వస్తుంది. ఇది ఏళ్ళకు పట్టే తుప్పు కింద జమకట్టేది కాదు. పెట్టిన కొద్ది రోజుల్లోనో వారాల్లోనో బయటపడుతుంది, అప్పుడు తీసి మళ్ళీ పెట్టాల్సిందే.

రెండు లోహాలు ఒకే నోట్లో

వెండి సిమెంటు ఉన్నవారికి పక్క పంటి మీదో ఎదురు పంటి మీదో వేరే లోహం చేరినప్పుడు తుప్పు వేగం మారుతుంది. మన ఇళ్ళలో ఇనుప గొట్టానికి ఇత్తడి కుళాయి బిగించిన చోట ముందుగా ఇనుము పాడైనట్టే, నోట్లో రెండు లోహాలు తడిలో ఒకదానికొకటి తాకినప్పుడు వాటిలో తక్కువ ఓర్పు గలది త్వరగా కరుగుతుంది. బంగారానికీ అమాల్గానికీ మధ్య కరిగేది అమాల్గం. ఒకప్పుడు ముచ్చటపడి బంగారు తొడుగు వేయించుకున్న పెద్దలు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. అలాంటి తొడుగు కొత్తగా పెట్టిన వెండి సిమెంటుకు తగిలినప్పుడు క్షణంపాటు జివ్వుమనడం, నోట్లో లోహపు రుచి రావడం సహజం. మందుబిళ్ళల రేకు పొరపాటున పళ్ళ మధ్య పడ్డప్పుడు కలిగే జివ్వుమనే నొప్పికీ కారణం ఇదే. ఉపరితలం మీద పొర ఏర్పడ్డాక ఇది సాధారణంగా కొన్ని రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఆ రెండింటిలో ఒకదాన్ని మార్చక తప్పదు.

అలాగే పక్క పన్ను పోయి, తీసిపెట్టుకునే కట్టుడు పళ్ళకు తీగ కొక్కేలు ఉన్నవారు, ఆ కొక్కెం వెండి సిమెంటు మీద ఆనుతోందేమో చూపించుకోవాలి. ఆనే చోట రాపిడితో రక్షణ పొర గీసుకుపోతుంది కాబట్టి అక్కడ తుప్పు ఆగకుండా సాగుతుంది.

వేరే లోహం లేకపోయినా, ఒకే సిమెంటు మీద పాచి పేరుకున్న భాగానికీ శుభ్రంగా ఉన్న భాగానికీ ఇలాంటి తేడా ఏర్పడుతుంది. పాచి కింద, అంచు సందులో ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ అందని చోటే లోహం కరుగుతుంది. పైభాగం నున్నగా మెరుస్తున్నా పళ్ళ మధ్య సందులో, చిగురు దగ్గరి అంచు తినేసినట్టు కావడానికి కారణం ఇదే. గార పట్టనివ్వకుండా ఆ అంచును శుభ్రంగా ఉంచుకోవడం వెండి సిమెంటు ఆయుష్షును పెంచే పనుల్లో అన్నింటికంటే చౌకైనది.

మన తిండి, మన నీళ్ళు

అంతర్వేది, ఓడలరేవు వైపు కిటికీ ఊచలు త్వరగా తుప్పుపట్టడం చూసేవారికి, ఉప్పుగాలి, ఉప్పు బోరు నీళ్ళు నోట్లో లోహాన్ని కూడా పాడుచేస్తాయన్న అనుమానం రావడం సహజమే. కానీ లాలాజలంలో క్లోరైడ్లు ఎప్పుడూ ఉండనే ఉన్నాయి. పుక్కిలించి ఉమ్మిన నీళ్ళు నోట్లో నిలిచేది క్షణాలు, లాలాజలం నిలిచేది రాత్రింబగళ్ళు. తీరప్రాంతం వారు ఈ ఒక్క కారణంతో లోహాన్ని వద్దనుకోనక్కర్లేదు.

ఉప్పు కంటే ఇక్కడ పట్టించుకోవలసినవి మూడు. మొదటిది పులుపు, తీపి. చింతపండు పులుసు, ఆవకాయ భోజనంతో పాటు లోపలికి పోతాయి కాబట్టి వాటి ప్రభావం కొద్దిసేపే. పూటపూటా తాగే తీపి టీ, చిరుతిండిగా నోట్లో వేసుకునే కాజాలు, పూతరేకులు పళ్ళ సందుల్లో నిలిచిపోతే మాత్రం పాచిలోని సూక్ష్మజీవులు వాటిని గంటల తరబడి ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం అంచు దగ్గర లోహాన్నీ పంటినీ కూడా కరిగిస్తుంది. రెండోది వక్క. కిళ్ళీ సున్నం, కాచు పంటి మీద ఎర్రని మరకలు వేస్తే వేయవచ్చు గానీ, పెద్ద సిమెంటు ఉన్న పన్నుకు అసలు ప్రమాదం గట్టి వక్కను కొరకడం. సిమెంటు చుట్టూ మిగిలిన పలుచని పంటి గోడ చీలిపోతుంది, ఆ చీలిక చిగురు కిందికి దిగితే పన్ను పీకించాల్సి వస్తుంది. వక్క వల్ల నోటికి పొంచి ఉన్న క్యాన్సర్ ముప్పు ఇంతకంటే ఎంతో పెద్దది, దాన్ని మానడానికి అదొక్కటే చాలు. మూడోది నోరు ఎండిపోవడం. రక్తపోటుకు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందుల వల్ల, అదుపులో లేని మధుమేహం వల్ల లాలాజలం తగ్గుతుంది. కడిగే నీరు తగ్గినప్పుడు పాచి పెరుగుతుంది, ఏ సిమెంటు పెట్టినా దాని అంచున పుచ్చు త్వరగా వస్తుంది.

ఉంచాలా, తీయాలా

పరీక్షలో చూడవలసింది రంగు కాదు, అంచు. సన్నని గాడి ఉన్నంత మాత్రాన కింద పుచ్చు ఉన్నట్టు కాదు; దంతవైద్యుని పరికరం మొన అందులో కొద్దిగా చిక్కుకోవడం కూడా అందుకు రుజువు కాదు. ఆ గాడి అడుగున పన్ను మెత్తబడి ఉండటం, ఎక్స్‌రేలో సిమెంటు కింద నల్లని నీడ కనిపించడం, సిమెంటు కదలడం, అందులో పగులు రావడం, పంటి గోడ విరగడం, నమిలి వదిలినప్పుడు పోటు రావడం: వీటిలో ఏదైనా ఉంటే సిమెంటు తీయడానికి బలమైన కారణం ఉన్నట్టే. పంటి గోడ బూడిద రంగుగా కనిపించడం మాత్రం రెండు విధాలుగా ఉండవచ్చు. తుప్పులోని లోహపు లవణాలు పంటిలోకి ఇంకి రంగు మార్చి ఉండవచ్చు, అది హానికరం కాదు. లోపల పుచ్చు ఉండి ఉండవచ్చు, అది తీయించాల్సిందే. ఈ రెంటినీ విడదీయడానికి ఎక్స్‌రే తీయకుండా, తీర్మానం చెప్పేవారి మాట మీద నేనైతే ఆధారపడను. చిగురు మీద సిమెంటుకు దగ్గరలో బూడిద నీలం మచ్చ ఉంటే, అది సాధారణంగా పెట్టేటప్పుడు చిగుట్లో చిక్కిన లోహపు రజను వల్ల వచ్చినదే, దానికి చికిత్స అక్కర్లేదు. అయితే మచ్చ పెరుగుతున్నా ఆకారం మారుతున్నా తప్పకుండా చూపించుకోవాలి. సిమెంటుకు ఆనే బుగ్గ లోపలి భాగంలో తెల్లని గీతలు, మంట ఉంటే అది లోహం పడకపోవడం వల్ల కావచ్చు. అలాంటివారికి ఆ సిమెంటు మార్చడం వైద్యమే.

తీయడానికి తొందరపడకూడదని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. సిమెంటు తీసిన ప్రతిసారీ దానితో పాటు కొంత మంచి పన్ను కూడా పోతుంది. గుంట పెద్దదవుతుంది, గోడలు పలుచనవుతాయి, నరానికి దగ్గరవుతుంది. అలా ఒక్కో మార్పుతో చిన్న సిమెంటు పెద్దదై, రూట్ కెనాల్ అయి, క్యాప్ అయి, చివరికి పీకించే దాకా వెళ్ళిన పళ్ళు ఎన్నో ఉన్నాయి. అంచు ఒకచోట విరిగి మిగతాదంతా గట్టిగా ఉంటే, ఆ చోట మాత్రమే తొలిచి కొత్త సిమెంటు అతికించడం అందరికీ అంగీకారమైన చికిత్స. గరుకుదనం, మకిలి మాత్రమే ఉంటే సానపట్టడం సరిపోతుంది, దానివల్ల పాచి పట్టడం తగ్గి తుప్పు కూడా నెమ్మదిస్తుంది. ఈ రెండింటినీ దంతవైద్యుని ముందు పేరుపెట్టి అడగండి.

తీయక తప్పనప్పుడు దేన్ని ఎంచుకోవాలి

కాంపోజిట్, మన వాడుకలో లైటు సిమెంటు, పంటి రంగులో ఉంటుంది, లోహం కాదు కనుక తుప్పు పట్టదు, పంటికి అతుక్కుంటుంది కనుక గుంటను అనవసరంగా పెద్దది చేయనక్కర్లేదు, నీలి కాంతితో అప్పటికప్పుడే గట్టిపడుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలు. తుప్పు పట్టదు కాబట్టి పాడవదన్న మాట మాత్రం నిజం కాదు. గట్టిపడేటప్పుడు అది కొద్దిగా కుంచించుకుపోయి అంచును లాగుతుంది. దాన్ని పంటికి పట్టి ఉంచే జిగురు పొర ఏళ్ళ తరబడి తడిలో నాని బలహీనపడుతుంది. అంచు విడిన చోట సందును మూసే లవణాలేవీ పుట్టవు. దవడ పళ్ళలో అమాల్గాన్నీ కాంపోజిట్‌నూ పోల్చిన పరిశోధనలను కలిపి పరిశీలించిన 2014 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను క్రోడీకరించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, కాంపోజిట్ విఫలమయ్యే అవకాశం దాదాపు రెట్టింపని, అందుకు ప్రధాన కారణం అంచున మళ్ళీ పుచ్చు రావడమేనని తేల్చింది. ఆ తర్వాత పదార్థాలు మెరుగుపడ్డాయి, చేతి నైపుణ్యమూ పెరిగింది. అయినా ఆ మాటలోని హెచ్చరిక ఇంకా వర్తిస్తుంది.

కాంపోజిట్ నిలవడం, నిలవకపోవడం అది పెట్టే అరగంటలో పన్ను ఎంత పొడిగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. అందుకే పన్ను చుట్టూ పలుచని రబ్బరు షీటు బిగించి, లాలాజలం చేరకుండా చూసి, పొరలు పొరలుగా నింపి, ఒక్కో పొరకూ లైటు పట్టి చేసేవారి దగ్గర పెట్టించుకున్నదానికీ, దూది ఉండలు పెట్టి ఒకేసారి నింపేసినదానికీ ఆయుష్షులో తేడా ఉంటుంది. ‘రబ్బరు షీటు వేసి చేస్తారా?’ అన్న ఒక్క ప్రశ్న, ఏ కంపెనీ సిమెంటు అన్న ప్రశ్న కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. భీమవరంలోనూ రాజమహేంద్రవరం పరిసరాల్లోనూ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి సమయం ఎక్కువ పట్టినా, ఖర్చుకు వెనుకాడేవారికి అది మంచి దారి.

చిగురు కిందికి దిగిన పుచ్చు, రక్తం చెమర్చే చిగురు, నోరు పూర్తిగా తెరవలేని వృద్ధులు, కదలకుండా కూర్చోలేని పసిపిల్లలు: ఇలాంటి చోట్ల పన్నును పొడిగా ఉంచడం సాధ్యం కాదు. అక్కడ గ్లాస్ అయొనోమర్‌ను పరిశీలించాలి. 1970ల తొలినాళ్ళలో బ్రిటన్‌లో విల్సన్, కెంట్ రూపొందించిన ఈ సిమెంటు కాస్త తడి ఉన్నా పంటికి రసాయనికంగా అతుక్కుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడును విడుదల చేస్తుంది, తొలచడం కూడా తక్కువే. దాని లోపం బలం తక్కువ కావడం. దవడ పన్ను నమిలే తలం మీద పెద్ద గుంటలో పెడితే అరుగుతుంది, విరుగుతుంది. చిగురు దగ్గరి గుంటలకూ, పాలపళ్ళకూ, పెద్ద చికిత్సకు ముందు తాత్కాలికంగానూ అది ఉత్తమం. గట్టిగా నమిలేవారి పెద్ద దవడ పంటికి నేను సూచించను.

గుంట మరీ పెద్దదై పంటి గోడలు రెండు మూడు పోయినప్పుడు ఏ సిమెంటూ నిలవదు, క్యాప్ వేయించాలి. ఇక్కడ తుప్పు ప్రశ్న మళ్ళీ తలెత్తుతుంది. తక్కువ ధరకు దొరికే లోహపు క్యాపుల్లోనూ, పైన పింగాణీ ఉన్న చాలా క్యాపుల లోపలి పొరలోనూ ఉండేది నికెల్-క్రోమియం. క్రోమియం ఆక్సైడు పొర దాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది, కానీ ఆ పొర దెబ్బతిన్నచోట నికెల్ కొద్దిగా విడుదలవుతుంది. చవక చెవి దుద్దులో, గడియారం గొలుసో పెట్టుకుంటే దురద, పొక్కులు వచ్చేవారు ఆ సంగతి దంతవైద్యునికి ముందే చెప్పి, కోబాల్ట్-క్రోమియం గానీ, ఖర్చు పెట్టగలిగితే లోహమే లేని జిర్కోనియా గానీ అడగాలి. పక్క పంట్లో వెండి సిమెంటు ఉన్నవారికి జిర్కోనియా వల్ల మరో లాభం ఉంది: అది విద్యుత్తును ప్రసరింపజేయదు కాబట్టి రెండు లోహాల చిక్కు ఏర్పడదు.

కొత్తగా మళ్ళీ వెండి సిమెంటే పెట్టించుకోవచ్చా? పదేళ్ళ క్రితం ఈ ప్రశ్నకు, లోతైన దవడ పంటికి, తక్కువ ఖర్చుతో, రాగి ఎక్కువగా ఉన్న అమాల్గం మంచి ఎంపిక అని ధైర్యంగా చెప్పేవారు. పంటి పరంగా ఆ మాట ఇప్పటికీ తప్పు కాదు. కానీ దాని కాలం ముగుస్తోంది. పాదరసాన్ని అదుపు చేసేందుకు 2013లో ఆమోదం పొంది 2017లో అమల్లోకి వచ్చిన మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018లో ధ్రువీకరించింది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి నుంచి అమాల్గం వాడకాన్ని చాలావరకు నిషేధించింది. 2025 నవంబరులో జెనీవాలో సమావేశమైన ఒప్పందదేశాలు 2034 నాటికి దంతవైద్యంలో అమాల్గానికి స్వస్తి చెప్పాలని అంగీకరించాయి. నాణ్యమైన సరుకూ, దాన్ని చక్కగా పెట్టే చేతులూ రెండూ అరుదవుతున్న పదార్థాన్ని కొత్తగా ఎంచుకోవడం కంటే, రబ్బరు షీటు వేసి జాగ్రత్తగా చేసే కాంపోజిట్‌ను ఎంచుకోవడమే ఇప్పుడు మేలు.

పాదరసం భయం

వెండి సిమెంటు నుంచి పాదరసం వెలువడటం నిజం. నమిలినప్పుడు, వేడివి తాగినప్పుడు, రాత్రి పళ్ళు నూరే అలవాటున్నవారిలో ఇంకా ఎక్కువగా, ఆవిరి రూపంలో అది అతి స్వల్ప పరిమాణంలో విడుదలవుతుంది. సాధారణంగా రోజుకు కొన్ని మైక్రోగ్రాములు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఇచ్చిన సూచనలో గర్భిణులు, గర్భం దాల్చబోయేవారు, పాలిచ్చే తల్లులు, ఆరేళ్ళలోపు పిల్లలు, నరాల జబ్బులు లేదా మూత్రపిండాల సమస్య ఉన్నవారు వీలైనంతవరకు కొత్తగా అమాల్గం పెట్టించుకోకుండా ఉండటం మంచిదని చెప్పింది. అదే సూచనలో, బాగున్న పాత సిమెంటును తీయించుకోవద్దని కూడా చెప్పింది, ఎందుకంటే తొలిచేటప్పుడు వెలువడే ఆవిరి, నోట్లో ఊరకే ఉన్నప్పుడు వెలువడే దానికంటే చాలా ఎక్కువ. కనుక గర్భంతో ఉన్న ఆడపిల్ల పుట్టింటికి వచ్చినప్పుడు, ఖాళీగా ఉంది కదా అని పాత వెండి సిమెంటు మార్పించడం సరైన పని కాదు. నొప్పి, చీము లేనంతవరకు కాన్పు అయి, బిడ్డ పాలు మానే వరకు ఆగవచ్చు.

తీయక తప్పనివారికి తీసే పద్ధతి ముఖ్యం. రబ్బరు షీటు వేసి, నీళ్ళు ధారాళంగా వదులుతూ, బలమైన పీల్చే గొట్టం పెట్టి, సిమెంటును పొడి పొడిగా అరగదీయకుండా పెద్ద ముక్కలుగా కోసి తీయాలి. ఆ ముక్కలు ఎక్కడికి పోతాయన్నది కూడా డెల్టా వాసులుగా మనం అడగదగిన ప్రశ్న. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువల మీదే మన ఊళ్ళ చెరువులు, వరిచేలు, చేపల గుంటలు ఆధారపడి ఉన్నాయి. గాలి ఆడని బురదలో చేరిన పాదరసాన్ని సూక్ష్మజీవులు మిథైల్ పాదరసంగా మార్చగలవు, అది చిన్న చేపల నుంచి పెద్ద చేపలకు చేరుతూ పేరుకుంటుంది. జపాన్‌లోని మినమాటాలో ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన మిథైల్ పాదరసం చేపల ద్వారా మనుషులకు చేరి ఎంత విషాదం తెచ్చిందో లోకానికి తెలుసు. తీసిన అమాల్గం సింకులోకి పోకూడదు, చెత్తతో కాల్చకూడదు. మూత బిగుతుగా ఉన్న సీసాలో విడిగా దాచి, వైద్య వ్యర్థాలను తీసుకువెళ్ళే సంస్థకు పాదరసం ఉన్నదని చెప్పి అప్పగించాలి. వెండి సిమెంటు ఉన్న పన్నును పీకించుకున్నప్పుడు, దాన్ని జ్ఞాపకంగా ఇంటికి తెచ్చి పొయ్యిలోనో కాలువలోనో వేయకుండా, క్లినిక్కులోనే ఆ సీసాలో వేయమని చెప్పి రండి.